మోయాబ్ కొండల్లో డర్ట్ బైకులు, అద్దె వాకీటాకీలు

మోయాబ్‌లో డర్ట్ బైకు అద్దెకు తీసుకునేవారు టైర్లనూ బ్రేకులనూ ఎంత శ్రద్ధగా చూసుకుంటారో, బైకుతో పాటు కౌంటరు మీద పెట్టే వాకీటాకీని కూడా అంత శ్రద్ధగానే చూసుకోవాలని చెప్పడానికే ఇది రాస్తున్నాను. యూటా రాష్ట్రంలోని ఆ చిన్న ఊరికి అక్టోబరులో నేను, మా బావగారు, నా మేనల్లుడు, నా కాలేజీ మిత్రుడు కలిసి వెళ్ళాము. బైకులు బాగున్నాయి, వాతావరణం చల్లగా ఉంది, దారులు అందరూ చెప్పినంత అందంగానూ ఉన్నాయి. మమ్మల్ని మోసం చేసినవి రేడియోలు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ రేడియోల గురించి దుకాణంలో చెప్పిన మాటలు.

బైకుకు రోజుకు 275 డాలర్ల అద్దె, డిపాజిట్ కింద కార్డు మీద 1,500 డాలర్లు ఆపి ఉంచారు. రేడియోకు రోజుకు 12 డాలర్లు, హెల్మెట్‌లో పెట్టుకునే చెవి స్పీకరుకూ మైకుకూ కలిపి మరో 6 డాలర్లు. "ఇవి 35 మైళ్ళ దాకా పనిచేస్తాయి, మీరు దారి తప్పే సమస్యే లేదు" అని కౌంటరు దగ్గరి యువకుడు పెట్టె మీద అచ్చువేసిన అంకెను వేలితో చూపించాడు. ఆ అంకె అబద్ధం కాదు కానీ, ఒక మనిషి ఎత్తైన పర్వత శిఖరం మీద, మరొకరు దిగువ మైదానంలో ఉండి, ఇద్దరి మధ్యా చెట్టూ రాయీ ఏదీ లేనప్పుడు మాత్రమే అది నిజమవుతుంది. ఈ రేడియోలు వాడే 462, 467 మెగాహెర్ట్జ్ తరంగాలు దాదాపు చూపు సాగినంత మేరకే సాగుతాయి, ఇసుకరాతి గుట్ట అడ్డం వస్తే అక్కడే చాలావరకు చచ్చిపోతాయి. మోయాబ్‌లో గుట్ట అడ్డం రాని చోటు వెతుక్కోవాలి.

మొదటి ఉదయం స్లిక్‌రాక్ దారిలో హాయిగా గడిచింది. 1969లో మోటారు సైకిళ్ళవాళ్ళు వేసుకున్న దారి అది, ఇప్పుడు సైకిళ్ళవాళ్ళ పేరుతో ఎక్కువ ప్రసిద్ధి పొందింది. రాతి మీద వేసిన తెల్లని గీతలు పట్టుకుని పోతే చాలు. మధ్యాహ్నం అదే శాండ్ ఫ్లాట్స్ ప్రాంతంలోని ఫిన్స్ అండ్ థింగ్స్ అనే దారికి మారాము. అసలు కథ అక్కడే మొదలైంది. పొడవాటి గోడల్లా నిలిచిన ఇసుకరాతి దిబ్బలు వరుసగా ఉంటాయి. ఒక దిబ్బ ఎక్కి, దాని వీపు మీదుగా నడిపి, అవతల ఇసుక పల్లంలోకి దిగి, మళ్ళీ ఇంకో దిబ్బ ఎక్కాలి. ముందు వెళ్ళినవాడు దిబ్బ దిగిన క్షణం నుంచి వెనకవాళ్ళకు కనిపించడు.

బావగారు ముందు, మేనల్లుడూ నేనూ మధ్యలో, మిత్రుడు చివర ఉండేలా వరుస పెట్టుకున్నాము. అద్దె రేడియోలను దుకాణంవాళ్ళు వాక్స్ పద్ధతిలో పెట్టి ఇచ్చారు. బొత్తాం నొక్కనక్కర లేకుండా మైకుకు శబ్దం తగలగానే ప్రసారం దానంతటదే మొదలయ్యే ఏర్పాటు అది. ప్రశాంతమైన గదిలో అది ఎంత సౌకర్యమో, ఇంజన్ హోరులోనూ గాలిలోనూ అంత ప్రమాదం. బావగారి మైకుకు గాలి తగిలినంతసేపూ ఆయన రేడియో ప్రసారం చేస్తూనే ఉంది. ఒకే చానెల్‌లో ఒకరి ప్రసారం నడుస్తుంటే మిగిలినవారి మాటలు దాని కింద నలిగిపోతాయి. మా చెవుల్లో ఎడతెగని గుర్రుమనే శబ్దం తప్ప మాట లేదు. మేనల్లుడు విసిగిపోయి చెవి స్పీకరు తీగను పీకేసుకున్నాడు.

ఒక కూడలి దగ్గర ఆగి లెక్క చూసుకుంటే మిత్రుడు లేడు. పిలిచినా జవాబు లేదు, ఆ పల్లంలో మా ఫోన్లకు సిగ్నలూ లేదు. బావగారికి కంగారు ఎక్కువై, జీపులు ఎదురుగా వస్తున్న దారిలో వెనక్కి తిరిగి వెళతానన్నారు. నేను వద్దన్నాను, కాసేపు మాటా మాటా పెరిగింది. చివరకు దగ్గర్లోని దిబ్బ మీదికి నడిచి ఎక్కి, రేడియోను తల పైకెత్తి పట్టుకుని పిలిస్తే, గరగరల మధ్య మిత్రుడి గొంతు ముక్కలు ముక్కలుగా వినిపించింది. బైకు ఇసుకలో పడి, క్లచ్ లివరు వంగి, ఒక మైలు కూడా లేని దూరంలో చాలాసేపటి నుంచి మమ్మల్ని పిలుస్తూ కూర్చున్నాడు. దెబ్బలేమీ తగలలేదు. కానీ కాలు విరిగి ఉంటే అతను ఆ పల్లంలో అలాగే పడి ఉండేవాడన్న ఆలోచన ఆ సాయంత్రమంతా నలుగురినీ వదల్లేదు.

పార్కింగ్ దగ్గర మా పక్కనే పికప్ ట్రక్కు ఆపుకున్న ఒక పెద్దాయన మా గొడవ విని, రేడియో ఒకసారి ఇవ్వమని అడిగారు. తొడుగు విప్పి, తెర మీది అంకె చూసి తల అడ్డంగా ఊపారు. నాలుగు రేడియోలూ 10వ చానెల్‌లో ఉన్నాయి. అమెరికాలో ఎఫ్ఆర్ఎస్ అనే ఈ సాధారణ వర్గం రేడియోలకు 22 చానెళ్ళు ఉన్నాయి, వాటిలో 8 నుంచి 14 వరకు ఉన్నవాటిలో అర వాటు శక్తికి మించి ప్రసారం చేయడానికి నిబంధనలు ఒప్పుకోవు. మిగిలిన చానెళ్ళలో 2 వాట్ల దాకా అనుమతి ఉంది. అంటే డబ్బు తీసుకుని అద్దెకిచ్చిన దుకాణం, ఉన్న శక్తిలో నాలుగో వంతుకు మించి వాడలేని చానెల్‌లో పెట్టి మాకు అప్పగించింది. ఆ పెద్దాయన చానెల్‌ను 18కి మార్చి, వాక్స్ ఆపి, బొత్తాం నొక్కి అర సెకను ఆగాక మాట్లాడమని నేర్పారు. వెంటనే మాట్లాడితే మొదటి అక్షరాలు ఎగిరిపోతాయి, "ఆగకండి" అన్నది అవతలివాడికి "గకండి" అనో, ఇంకా అన్యాయంగానో వినిపిస్తుంది. పావుగంటలో ఆయన నేర్పినది, అద్దె తీసుకున్న దుకాణం ఒక్క నిమిషమైనా చెప్పలేదు. ఆ యాత్రలో నాకు దొరికిన అత్యుత్తమ సేవ అదే, ఆయన దానికి ఒక కాఫీ కూడా పుచ్చుకోలేదు.

జీఎంఆర్ఎస్ అనే, ఎఫ్ఆర్ఎస్ కన్నా ఎక్కువ శక్తి గల మరో వర్గం రేడియోల లైసెన్సు గురించి చెప్పినదీ ఆయనే. ఇది మన కుటుంబాలకు అచ్చంగా సరిపోయే సంగతి కనుక వివరంగా రాస్తాను. అమెరికాలో రేడియో ప్రసారాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీ వెబ్‌సైటులో దరఖాస్తు చేసి 35 డాలర్లు కడితే 18 ఏళ్ళు నిండినవారికి పదేళ్ళ లైసెన్సు ఇస్తారు, పరీక్ష ఏదీ లేదు. ఒకరు తీసుకుంటే భార్యాభర్తలు, పిల్లలు, తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, మేనల్లుళ్ళు, మేనకోడళ్ళు, అత్తింటి బంధువులు అందరికీ అది చెల్లుతుంది. బావగారి కోసం వేరే కట్టనక్కర లేదు. స్నేహితుడికి మాత్రం చెల్లదు. అతను సొంత లైసెన్సు తీసుకోవాలి, లేదా లైసెన్సు అవసరం లేని ఎఫ్ఆర్ఎస్ రేడియో పట్టుకోవాలి. రెండు వర్గాల చానెళ్ళూ ఒకటే కనుక ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చు. జీఎంఆర్ఎస్ చేతి రేడియోకు 5 వాట్ల శక్తితో పాటు, ఊడదీసి పెద్దది తగిలించుకోగల యాంటెన్నా ఉంటుంది. ఎఫ్ఆర్ఎస్ రేడియోకు యాంటెన్నాను మార్చడం నిషిద్ధం. నా అనుభవంలో వాట్ల కన్నా యాంటెన్నాయే ఎక్కువ తేడా చూపించింది. ఈ తరంగం పొడవు సుమారు 65 సెంటీమీటర్లు, దానిలో నాలుగో వంతు, అంటే 16 సెంటీమీటర్ల యాంటెన్నా నిటారుగా నిలబడితే బొటనవేలంత పొట్టిదాని కన్నా మాట స్పష్టంగా వినిపిస్తుంది.

ఆ రాత్రే దరఖాస్తు పెట్టాను, మర్నాడు కాల్‌సైన్, అంటే లైసెన్సుదారును గుర్తించే అక్షరాలూ అంకెల సంకేతం, వచ్చింది. రేడియోల కోసం కొలరాడోలోని గ్రాండ్ జంక్షన్ దాకా, పోనూ రానూ 220 మైళ్ళకు పైగా కారు నడిపాము. బైకుల అద్దె నడుస్తుండగా సగం రోజు కారులో కూర్చోవడం బావగారికి మింగుడు పడలేదు, దారంతా ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. రెండు జీఎంఆర్ఎస్ జతలకు 268 డాలర్లు, హ్యాండిల్‌కు బిగించే బొత్తాంతో వచ్చే హెల్మెట్ సెట్లకు ఒక్కోదానికి 48 డాలర్లు అయ్యాయి. ముందే ఇంటికి తెప్పించుకుంటే ఇంకా చౌకగా వచ్చేవి. అయినా ఆ ఖర్చు గురించి నాకు విచారం లేదు. మిత్రుడు తన లైసెన్సు వచ్చేదాకా 18వ చానెల్‌లో పెట్టిన అద్దె రేడియోతోనే సర్దుకున్నాడు.

గ్రీన్ రివర్ ఊరికి దక్షిణంగా ఉన్న వైట్ వాష్ ఇసుక దిబ్బల్లో వాటి విలువ తెలిసింది. దిబ్బ శిఖరానికి అవతల ఏముందో ఎక్కేవాడికి కనిపించదు. ఇటు ఎక్కుతున్నవాడూ అటు ఎక్కుతున్నవాడూ శిఖరం మీద ఢీకొనడం ఇసుక దిబ్బల్లో అందరూ భయపడే ప్రమాదం. బావగారు ముందు ఎక్కి, పక్కకు జరిగి నిలబడి, "ఎదురుగా ఇద్దరు, ఆగండి" అనీ, "ఖాళీ, రావచ్చు" అనీ చెబుతుంటే, మేనల్లుడు అంత ధైర్యంగా నడపడం నేను మొదటిసారి చూశాను. గ్రాండ్ జంక్షన్ దారిలో మూగబోయిన బావగారు ఆ సాయంత్రానికి రేడియోలో ఎవరినీ మాట్లాడనివ్వనంత ఉత్సాహంలో ఉన్నారు.

రేడియోను ఎక్కడ పెట్టుకోవాలన్నది చాలామంది తేలికగా తీసుకుంటారు. నడుముకు తగిలిస్తే శరీరమే తరంగాన్ని మింగేస్తుంది, ఛాతీ మీద పెట్టుకుంటే బోర్లా పడ్డప్పుడు పక్కటెముకలకు గుచ్చుకుంటుంది. నీళ్ళ సంచీ భుజం పట్టీకి పైభాగాన, యాంటెన్నా భుజం దాటి పైకి వచ్చేలా పెట్టుకోవడం అన్నిటికన్నా మేలు. హెల్మెట్‌కు వెళ్ళే తీగ మధ్యలో, లాగితే ఊడి వచ్చే జోడింపు తప్పనిసరిగా ఉండాలి. బైకు ఒక వైపూ మనిషి ఒక వైపూ పడ్డప్పుడు ఆ తీగ మెడకు చుట్టుకోకూడదు. బొత్తాం ఎడమ పిడికి లోపలి వైపు, క్లచ్ మీద వేలు తీయకుండానే బొటనవేలికి అందేలా బిగించాలి. కుడి చెయ్యి థ్రాటిల్‌కూ ముందు బ్రేకుకూ మాత్రమే.

మాట పొట్టిగా ఉండాలి. "కుడివైపు మెట్టు", "లోతు ఇసుక", "ఆగాను, బాగున్నాను" వంటివి చాలు. మేము తెలుగులోనే మాట్లాడుకున్నాము, దానికి ఏ అభ్యంతరమూ లేదు. కాల్‌సైన్ మాత్రం ఇంగ్లీషులో, సంభాషణ ముగిసినప్పుడూ, మాటలు సాగుతుంటే పావుగంటకోసారీ చెప్పాలి. ప్రైవసీ కోడ్ అని రేడియోలో ఉండేది మన మాటలను దాచదు, ఇతరుల మాటలు మనకు వినపడకుండా మాత్రమే ఆపుతుంది. కనుక అదే చానెల్‌లో ఉన్నవారు మనం చెప్పేదంతా వినగలరు.

మిత్రుడి దగ్గర బ్లూటూత్ ఇంటర్‌కామ్ కూడా ఉంది. రోడ్డు మీద అది రేడియో కన్నా ఎంతో సుఖం, ఇద్దరూ ఒకేసారి మాట్లాడుకోవచ్చు, బొత్తాం పని లేదు. దిబ్బల మధ్య మాత్రం ఒక మలుపు తిరగగానే తెగిపోయింది. రాళ్ళున్న చోట దాన్ని నమ్ముకోవద్దు.

బస గురించి రెండు మాటలు. ఊళ్ళో మేము దిగిన మోటెల్ గదికి పన్నులు కాక రాత్రికి 189 డాలర్లు. గది శుభ్రంగా ఉంది కానీ ప్లగ్గులు రెండే. నాలుగు రేడియోలు, నాలుగు ఫోన్లు చార్జింగ్‌కు పెట్టడానికి ఎక్స్‌టెన్షన్ బోర్డు తప్పదు. బైకులు కడుక్కోవడానికి చోటు లేదు. బైకు తిరిగి ఇచ్చేటప్పుడు శుభ్రత రుసుము తప్పించుకోవాలంటే ఊళ్ళో నాణేలు వేసి కడుక్కునే చోటు వెతుక్కోవాలి. సాధారణ రోడ్డు నంబరు ప్లేటు లేని డర్ట్ బైకు నడపాలంటే యూటా వారి ఆన్‌లైన్ ఓహెచ్‌వీ (రోడ్డు కాని దారుల్లో నడిపే వాహనాల) పాఠం పూర్తి చేసిన పత్రం చేతిలో ఉండాలి. పెద్దవారికి అది ఉచితం, ఇంటి దగ్గరే చేసుకుని వెళ్ళండి. కేన్యన్‌ల్యాండ్స్ పార్కులోని వైట్ రిమ్ దారి మీద మనసుంటే ప్లేటు ఉన్న బైకే తీసుకోండి, లేనిదాన్ని పార్కులోకి రానివ్వరు. అనుమతి పత్రం కూడా ముందే తీసుకోవాలి.

బైకులు అప్పగించినప్పుడు, ఒక రేడియో వెనుక క్లిప్పు విరిగిందని దుకాణంవారు 65 డాలర్లు పట్టుకున్నారు. ఆ క్లిప్పు తీసుకున్నప్పుడే టేపుతో చుట్టి ఉంది, మేనల్లుడు మొదటి రోజు తీసిన ఫోటోలో అది స్పష్టంగా కనిపిస్తోంది. ఫోటో చూపించాక 40 డాలర్లు వెనక్కి ఇచ్చారు, 10వ చానెల్ సంగతి అడిగితే మేనేజరు సోమవారం వస్తారన్నారు. మీరు అక్కడ అద్దెకు తీసుకుంటే రేడియోలను నాలుగు వైపులా ఫోటో తీయండి, వాక్స్ ఆపించండి, చానెల్ 15కూ 22కూ మధ్య పెట్టించండి. కౌంటరు దగ్గరే నిలబడకుండా ఒకరు వీధి చివరి దాకా నడిచి, ఏదైనా భవనం వెనక్కి వెళ్ళి మాట్లాడి చూసి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.