చెన్నైలో నాడ్యూల్ ఫాలో-అప్ సీటీ: స్కాన్ బాగుంది, పేచీ అంతా సీడీ దగ్గరే

ఈ స్కాన్ సెంటర్‌కి మేం ఇచ్చిన మార్కులు ఐదుకి మూడున్నర. ఊపిరితిత్తిలో పెసరగింజంత నాడ్యూల్ (చిన్న గడ్డ) బయటపడినవాళ్లు తీయించుకునే స్కాన్‌ని ఆర్నెల్లకో ఏడాదికో తీసే మరో స్కాన్ పక్కన పెట్టి పోల్చాలి. అలా పోల్చడానికి పనికిరాకపోతే ఎంత ఖరీదైన మిషన్ మీద తీసినా దండగే. మేం మార్కులు కోసింది అక్కడే.

సెంటర్ పేరు రాయడం లేదు, ఈ లోపాలు చాలాచోట్ల ఉన్నవే. సెంట్రల్ స్టేషన్ నుంచి ఆటోలో పోయే దూరమే కాబట్టి నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట నుంచి పొద్దున బండి దిగి వచ్చే మనవాళ్లు ఎక్కువ.

బిల్లింగ్ కౌంటర్‌లో ముందుగా ప్లెయినా, కాంట్రాస్టా అంటారు. కాంట్రాస్ట్ అంటే నరంలోకి ఎక్కించే మందు; దానికి క్రియాటినిన్ (కిడ్నీ) పరీక్ష, చేతికి సూది, పెరిగిన బిల్లు. ఉన్న నాడ్యూల్ పెరిగిందో లేదో చూడటానికి అదేమీ అక్కర్లేదు. డాక్టరు చీటీ మీదే ‘లో-డోస్ ప్లెయిన్ సీటీ చెస్ట్, 1 మి.మీ. స్లైసులు’ అని రాయించుకుని వెళ్తే వాదన ఉండదు (స్లైసు అంటే ఛాతీని అడ్డంగా కోసినట్టు చూపే ఒక్కో బొమ్మ). లో-డోస్‌లో రేడియేషన్ సుమారు 1.5 మిల్లీసీవర్ట్, మామూలు సీటీలో దానికి మూడు నాలుగు రెట్లు. మళ్లీ మళ్లీ తీయించుకోవాల్సినవాళ్లకి ఈ తేడా లెక్కలోదే.

స్కాన్ గదిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. చాలాచోట్ల తమిళంలో ‘మూచ్చ ఇళుత్తు పిడింగ’ (ఊపిరి పీల్చి బిగబట్టండి) అని మైకులో ఒక మాట అనేసి మిషన్ తిప్పేస్తారు. సగం అర్థమైన మనిషి మధ్యలో ఊపిరి వదిలేస్తాడు. డయాఫ్రం పైన, ఊపిరితిత్తి అడుగున ఉన్న చిన్న నాడ్యూల్ అప్పుడు మసకబారుతుంది, లేదంటే పెద్దదిగా కనిపిస్తుంది. ఇక్కడి టెక్నీషియన్ లోపలికి పంపేముందే తెలుగులో ‘బాగా పీల్చండి, బిగబట్టండి, ఇప్పుడు వదలండి’ అని ఒకసారి సాధన చేయిస్తాడు. బిగబట్టాల్సింది కొన్ని సెకన్లే. గొలుసులు, హుక్కులు ఉన్న లోదుస్తులు తీసేయమని కూడా ముందే చెబుతారు.

రిపోర్టూ బాగానే రాస్తారు. ‘కుడి పై లోబ్, 6×4 మి.మీ., సగటు 5, సాలిడ్, అంచులు నునుపు, కాల్సిఫికేషన్ లేదు, సీరీస్ 3, ఇమేజ్ 87’ అన్నట్టుగా ఉంటుంది. సాలిడ్ అంటే నిండుగా కనిపించేది, కాల్సిఫికేషన్ అంటే సున్నం పేరుకోవడం, సీరీస్ అంటే ఒక వరుస బొమ్మలు. లెక్కలోకి వచ్చేది పొడవు, వెడల్పుల సగటు. ఆ 6 చూసి నిద్ర మానుకునేవాళ్లు చాలామంది, నిజానికి అది 5 మి.మీ. నాడ్యూల్. ఇమేజ్ నంబరు ఉంటే తర్వాత చూసే డాక్టరు వెతుక్కోనక్కర్లేదు. నంబరు లేకుండా ‘టైనీ నాడ్యూల్, క్లినికల్ కోరిలేషన్ అవసరం’ అని ఒక్క ముక్కతో వదిలేస్తే వెనక్కిచ్చి కొలతతో రాయమనండి, అడిగితే అడెండం (రిపోర్టుకి అనుబంధం) ఇస్తారు.

ఇక సీడీ. ఫిల్ములు, మెరిసే ఫోల్డరు ఘనంగా చేతికిస్తారు గానీ, సీడీలో 5 మి.మీ. స్లైసులే కాపీ చేస్తారు. సన్న స్లైసులు కంప్యూటర్‌లో కొన్నాళ్లు ఉండి చెరిగిపోతాయి. 5 మి.మీ. మందం స్లైసులో 4 మి.మీ. నాడ్యూల్ చుట్టూ ఉన్న గాలితో కలిసిపోయి పలచగా కనిపిస్తుంది, సాలిడ్‌ది గ్రౌండ్ గ్లాస్‌లా (మసక అద్దంలా పలచగా ఉండే రకంలా) అనిపించవచ్చు. వచ్చే ఏడాది ఇంకోచోట 1 మి.మీ.లో తీస్తే అదే నాడ్యూల్ ‘పెరిగింది’ అని రాసినా రాస్తారు. కౌంటర్ దాటకముందే సీడీ తెరిపించి బొమ్మలు లెక్క చూడండి. ఛాతీ పొడవు దాదాపు 30 సెం.మీ. కాబట్టి సీరీస్‌లో 60, 70 ఉంటే అవి మందం స్లైసులు, 300 దాకా ఉంటే సన్నవి. పెన్‌డ్రైవ్ తీసుకెళ్లి ‘1 మి.మీ. లంగ్ సీరీస్ డైకామ్‌లో (స్కాన్ అసలు ఫైళ్ల రూపంలో) కావాలి’ అంటే ఇస్తారు. అడగనివాళ్లకి ఇవ్వరు, అదే మా ఫిర్యాదు.

రెండో లోపం పాత స్కాన్‌తో పోల్చడం. పాత రిపోర్టు కాగితం చూసి ‘మునుపటితో పోల్చితే’ అని రాసేస్తారు, బొమ్మలు తెరవరు. 2021లో కోవిడ్‌కి తీసిన సీటీ మన ఇళ్లలో బీరువాల్లో పడి ఉంది. దాని రిపోర్టులో స్కోరు 25కి ఎంత అన్నది తప్ప చిన్న నాడ్యూల్ ఊసు ఉండకపోవచ్చు, బొమ్మల్లో మాత్రం ఉండొచ్చు. సాలిడ్ నాడ్యూల్ రెండేళ్లకు పైగా అదే సైజులో ఉంటే భయపడాల్సిన అవసరం దాదాపు ఉండదు. కాబట్టి ఆ సీడీ పట్టుకెళ్లి, పక్కపక్కన పెట్టి కొలవమని పట్టుబట్టండి. 2 మి.మీ. లోపు తేడా కొలతలోనే వస్తుంది, దాన్ని పెరుగుదల అనరు.

ఎప్పుడు మళ్లీ రావాలన్నదానికి ఇక్కడి రిపోర్టు ఫ్లైష్నర్ సొసైటీ (ఛాతీ స్కాన్ల నిపుణుల సంఘం) 2017 మార్గదర్శకాల్ని వాడుతుంది. ఒక్కటే సాలిడ్ నాడ్యూల్, 6 మి.మీ. లోపు, పొగ అలవాటు లాంటి రిస్కు లేకపోతే మామూలుగా మళ్లీ స్కానే వద్దు. రిస్కు ఉంటే ఏడాది తర్వాత ఒకసారి చూడొచ్చు. 6 నుంచి 8 అయితే 6–12 నెలల్లో. 8 దాటితే మూడు నెలలకి సీటీ, పెట్-సీటీ (చురుగ్గా ఉన్న కణాలు వెలుగుతూ కనిపించే స్కాన్), బయాప్సీ (ముక్క తీసి చేసే పరీక్ష) వీటిలో ఏది అన్నది డాక్టరు తేలుస్తారు. గ్రౌండ్ గ్లాస్‌ది 6 లేదా పైన ఉంటే ఐదేళ్ల దాకా గమనిస్తారు. 35 ఏళ్ల లోపువాళ్లకి, ఇదివరకు క్యాన్సర్ వచ్చినవాళ్లకి, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకి ఈ లెక్క వర్తించదు. దగ్గులో రక్తం పడుతున్నా, బరువు తగ్గుతున్నా తేదీ కోసం ఆగొద్దు.

కౌంటర్‌లో పెట్-సీటీ ప్యాకేజీ గురించి కూడా చెవిలో వేస్తారు. 8 మి.మీ. లోపు నాడ్యూల్‌ని పెట్ నమ్మకంగా పట్టుకోలేదు, పైగా మన దగ్గర టీబీ ఉన్న చోటు కూడా అందులో వెలగొచ్చు. మీ రిపోర్టు పల్మనాలజిస్టుకి (ఊపిరితిత్తుల డాక్టరుకి) చూపించాకే డబ్బు కట్టండి.