‘బోర్డు పోయింది’ అనగానే డబ్బులు పంపకండి: టాప్ లోడ్ వాషింగ్ మెషిన్ ఉన్నవాళ్లకు హెచ్చరిక

వాషింగ్ మెషిన్ ఆగిపోతే గూగుల్‌లో కంపెనీ పేరు, పక్కన ‘సర్వీస్ సెంటర్ హైదరాబాద్’ అని కొట్టి, మొదట కనిపించిన నంబరుకు ఫోన్ చేయకండి. ఆ పైన కనిపించేవాటిలో చాలావరకు డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటనలే. కూకట్‌పల్లి అయినా, ఉప్పల్ అయినా, దిల్‌సుఖ్‌నగర్ అయినా మోసం జరిగే తీరు ఒక్కటే. ఫోన్ ఎత్తగానే కంపెనీ పేరు చెబుతారు. గంటలో మనిషి వస్తాడు. మూత తీసి, రెండు బటన్లు నొక్కి, ‘బోర్డు పోయింది సార్, వర్క్‌షాప్‌కి తీసుకెళ్లాలి’ అంటాడు. బోర్డు అంటే మెషిన్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ సర్క్యూట్. అడ్వాన్సు యూపీఐలో ఏదో ఒక వ్యక్తి పేరు మీదికి వెళ్తుంది. బోర్డు సంచిలోకి వెళ్తుంది. ఆ తర్వాత ఫోన్ ఎత్తకపోవచ్చు. లేదంటే రెండు రోజులకు ‘రిపేరు చేసిన’ బోర్డు తెచ్చి బిగిస్తాడు, మెషిన్ నడుస్తుంది. అసలు తప్పు నీళ్ల పైపు దగ్గర జాలీలో ఉందని, వెళ్లేముందు అతను దాన్ని కడిగేశాడని ఇంట్లోవాళ్లకు ఎప్పటికీ తెలియదు. మంచి బోర్డు విప్పుకుని పాతది బిగించి పోవడం ఇంకా పెద్ద నష్టం. ఆ పాతది నాలుగు నెలలకో ఆరు నెలలకో మళ్లీ ఆగుతుంది.

బోర్డు మీదే ఎందుకు నెపం పెడతారంటే, అది మనకు కనిపించదు, చూసినా అర్థం కాదు, ఖరీదు ఎంత చెప్పినా నమ్మక తప్పదు. నిజానికి మన ఊళ్లో టాప్ లోడ్ మెషిన్లు ఆగడానికి ఎక్కువగా కారణమయ్యేది నీళ్లే. మణికొండ, నిజాంపేట వైపు బోరు, ట్యాంకర్ నీళ్ల మీద నడిచే అపార్ట్‌మెంట్లలో ఉప్పు పేరుకోవడం మామూలే. జలమండలి నీళ్లు వచ్చే ఇళ్లలోనూ సంపు కడిగిన మర్నాడు, ట్యాంకర్ పోయించిన రోజు ఇసుక, మట్టి పైపుల్లోకి వస్తాయి. కాబట్టి ఎవరికైనా ఫోన్ చేసేముందు కింద చెప్పినవి చూడండి. ప్లగ్ పీకేసిన తర్వాతే మెషిన్ మీద చెయ్యి వేయండి.

ముందు స్క్రీన్ మీది అక్షరాలు చూడండి. ఎల్‌జీలో ఐఈ అంటే నిర్ణీత సమయంలో నీళ్లు కావలసిన మట్టానికి చేరలేదని, ఓఈ అంటే బయటికి పోవడం లేదని, యూఈ అంటే బట్టలు ఒక పక్కకు చేరాయని, డీఈ అంటే మూత సరిగ్గా పడలేదని. శాంసంగ్‌లో నీళ్లు రాకపోతే 4ఈ లేదా 4సీ, పోకపోతే 5ఈ లేదా 5సీ. ఇవేవీ ‘బోర్డు పోయింది’ అని చెప్పే కోడ్‌లు కావు. ఐఈ చూపిస్తున్న మెషిన్‌కి జాలీ కూడా విప్పి చూడకుండా ఎవరైనా బోర్డు అంటే, అతన్ని అక్కడికక్కడే పంపించేయవచ్చు.

ఇన్లెట్ జాలీ, అంటే నీళ్లు మెషిన్‌లోకి వచ్చే చోట ఉండే జాలీ, శుభ్రం చేయడం పది నిమిషాల పని. కుళాయి కట్టేసి, మెషిన్ వెనక బిగించిన పైపు మరను చేత్తో తిప్పి విప్పండి. లోపల తెల్లగానో నీలంగానో వేలి మందం ప్లాస్టిక్ ముక్క, మధ్యలో పట్టుకోవడానికి చిన్న కాడ కనిపిస్తాయి. నోస్ ప్లయర్‌తో ఆ కాడను పట్టి నిదానంగా బయటికి లాగండి. మెలితిప్పితే విరుగుతుంది. బోరు నీళ్ల ఇంట్లో దాని మీద సున్నం కొట్టినట్టు పసుపు తెలుపు పొర, రంధ్రాల్లో ఇసుక రేణువులు ఉంటాయి. గ్లాసు నీళ్లలో చెంచా నిమ్మ ఉప్పు కలిపి అరగంట నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో రుద్దితే మళ్లీ కొత్తదానిలా అవుతుంది. కుళాయి వైపు కూడా కొన్ని పైపుల్లో ఇంకో జాలీ ఉంటుంది, అదీ చూడండి. జాలీ లేకుండా మాత్రం బిగించకండి. ఇసుక నేరుగా వాల్వులో ఇరుక్కుంటే, మెషిన్ ఆపేసినా నీళ్లు సన్నగా కారుతూ టబ్ నిండిపోతుంది.

జాలీ శుభ్రంగా ఉన్నా నీళ్లు రాకపోతే ప్రెషర్ చూడండి. చాలా మెషిన్లకు కనీసం 0.3 బార్ కావాలి. అంటే మేడ మీది ట్యాంకు అడుగుకి, మెషిన్ వెనక పైపు బిగించే చోటుకి మధ్య దాదాపు మూడు మీటర్ల తేడా ఉండాలి. పై అంతస్తులో ఉండేవాళ్ల ఇంట్లో, ట్యాంకు పొట్టి దిమ్మ మీద ఉంటే అంత తేడా రాదు. ఎండాకాలంలో ట్యాంకు సగానికి దిగినప్పుడే ఐఈ వస్తుంటే కారణం ఇదే. చిన్న ప్రెషర్ పంపుతో ఇది తీరుతుంది, బోర్డు మారిస్తే తీరదు. కొత్తగా కొనేవాళ్లు పై అంతస్తులో ఉంటే, తక్కువ ప్రెషర్‌లో నిండే మోడలేనా అని షాపులోనే అడిగి తీసుకోండి.

నీళ్లు వస్తూనే ఉన్నాయి, మెషిన్ ఎంతకీ తిరగడం మొదలుపెట్టడం లేదంటే డ్రెయిన్ పైపు కొన చూడండి. పాజ్‌లో ఉన్నా అక్కడ నీళ్లు కారుతుంటే డ్రెయిన్ వాల్వులో దారప్పోగో, పిన్నీసో, రూపాయి బిళ్లో అడ్డుపడి రబ్బరు మూసుకోవడం లేదు. ఓఈ వస్తే దానికి తిరగేసి ఆలోచించండి. మన దగ్గర అమ్మే టాప్ లోడ్‌లలో చాలావాటికి పంపు ఉండదు, నీళ్లు పల్లానికి జారి పోవాల్సిందే. యుటిలిటీలో గడప దాటించడానికి పైపును పైకెత్తినా, బాత్రూమ్ జాలీ కన్నంలోకి లోతుగా దోపినా నీళ్లు పోవు. పైపు నేల మీద వంపులు లేకుండా పడి ఉండాలి. కొన నీళ్లలో మునగకూడదు.

స్పిన్ దగ్గర ‘గేర్‌బాక్స్ పోయింది’ అనే మాట వస్తుంది. ముందు లోపలి బట్టలను సమంగా పరిచి, మెషిన్ నాలుగు కాళ్లూ నేలకు ఆనాయో లేదో మూలల మీద నొక్కి చూడండి. ఊగితే ముందరి కాళ్లు తిప్పి సరిచేయండి. చక్రాల స్టాండు కొన్నాక యూఈ మొదలైతే స్టాండు తీసేయండి. నిమిషానికి 700 సార్లు తిరిగే టబ్ చక్రాల మీద స్థిరంగా ఎలా ఉంటుంది? ఆ స్టాండ్లు అమ్మేది కూడా చాలాసార్లు రిపేరుకు వచ్చినవాళ్లే. మోటారు ‘ఊఁ’ అని మూలుగుతూ తిరగకపోతే, పాత రకం మోటారులో అది తిరగడానికి సాయపడే కెపాసిటర్ బలహీనపడి ఉండొచ్చు. దాని ఖరీదు వందల్లోనే. కోఠి గుజరాతీ గల్లీలో ధర కనుక్కోండి. మార్చే పని మాత్రం ఎలక్ట్రీషియన్‌కే వదలండి, ప్లగ్ పీకేసినా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి షాక్ కొడుతుంది.

ఇక్కడే మెకానిక్ నిజాయితీ తేలిపోతుంది. ఇన్వర్టర్ మెషిన్‌లో వాడే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ) మోటారుకు ఆ కెపాసిటర్ ఉండదు. మోటారే నేరుగా తిప్పే డైరెక్ట్ డ్రైవ్ మెషిన్‌కు బెల్టే ఉండదు. మీ మెషిన్ ఏ రకమో మూత మీది స్టిక్కరు, మాన్యువల్ చూసి తెలుసుకుని ఉండండి. లేని బెల్టుకు బిల్లు వేసేవాళ్లకు కొదవలేదు.

బోర్డు నిజంగా పోవడం కూడా ఉంది, కాదనను. వానాకాలంలో కరెంటు హెచ్చుతగ్గులు, కింది ఖాళీలోంచి దూరిన ఎలుక వైర్లు కొరకడం, బల్లులు, బొద్దింకలు లోపల చేరడం దీనికి కారణాలు. అదే సాకెట్‌లో మిక్సీ పెట్టి చూడండి. ప్లగ్ పది నిమిషాలు తీసేసి మళ్లీ పెట్టండి. మిక్సీ పని చేసి మెషిన్‌లో ఒక్క లైటూ వెలగకపోతే అప్పుడు వైరింగును, బోర్డును అనుమానించాలి. అడుగున ఎలుకల జాలీ లేకపోతే ఈ వారమే పెట్టించండి.

బోర్డు విప్పుతుంటే పక్కనే నిలబడి మూడు ఫొటోలు తీయండి: బోర్డు మీది పార్ట్ నంబరు స్టిక్కరు, దాని చుట్టూ పోసిన పారదర్శకమైన జిగురు, వైర్లు బిగించిన తీరు. ఆ జిగురు తేమ తగలకుండా ఫ్యాక్టరీలోనే పోస్తారు. కొత్త బోర్డులో అది అద్దంలా ఒకే మట్టంగా ఉంటుంది. రిపేరు చేసిన బోర్డులో ఏదో ఒక మూల కోసి తీసిన గుంట, కొత్తగా నింపిన మచ్చ, లేదా గ్లూ గన్ గడ్డ కనిపిస్తుంది. కొత్తదని చెప్పి తెచ్చిన బోర్డులో ఇవి కనిపిస్తే బిగించనివ్వకండి. రిపేరు చేసిన బోర్డు తప్పేమీ కాదు, కొత్తదాని ధర తీసుకోవడమే తప్పు.

వారంటీ గురించి ఒక మాట. ‘పదేళ్ల వారంటీ’ అని స్టిక్కరు మీద ఉన్నది సాధారణంగా మోటారుకే. బోర్డుకు, వాల్వుకు, విజిట్ చార్జీకి అది వర్తించదు. మొత్తం మెషిన్ వారంటీ ఎన్నేళ్లో కార్డులో విడిగా ఉంటుంది. ఆ గడువు లోపల బయటివాళ్లు విప్పితే కంపెనీ తప్పుకునే వీలుంటుంది. అందుకే ఆ కార్డు మీది నంబరుకో, కంపెనీ యాప్‌లోంచో ఫిర్యాదు ఇవ్వండి. ‘బుకింగ్ కన్ఫర్మ్ చేయడానికి పది రూపాయలు’ అని లింకు పంపినా, యాప్ వేసుకోమన్నా, స్క్రీన్ షేర్ చేయమన్నా ఫోన్ పెట్టేయండి. పోయేది పది రూపాయలు కాదు, బ్యాంకు ఖాతా.

రిపేరుతో పాటు అంటగట్టే వస్తువులూ చూసుకోండి. కుళాయికి బిగించే చిన్న ‘హార్డ్ వాటర్ ఫిల్టర్’ చాలావరకు పాలీఫాస్ఫేట్ గుళికలదే. అది నీటి కాఠిన్యాన్ని తీసేయదు, ఉప్పు గట్టిపడకుండా కొంత ఆపుతుంది, అదీ గుళికలు కరిగిపోయేదాకే. టీడీఎస్ మీటరు ముంచి భయపెడితే నమ్మకండి, ఆ అంకె నీళ్లలో కరిగినవన్నీ కలిపి చూపేది, కాఠిన్యం ఒక్కదాన్నే కాదు. నెలకోసారి ఖాళీ టబ్ నింపి, 200 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి, పది నిమిషాలు తిప్పి, గంట నానబెట్టి వదిలేసి, ఒకసారి మంచినీళ్లతో తిప్పితే చాలా ఇళ్లకు సరిపోతుంది. నిమ్మ ఉప్పుతో బ్లీచింగ్ పౌడరు ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ వాయువు పుడుతుంది. బాత్రూమ్ కడిగే యాసిడ్ అసలే వద్దు, స్టీలు డ్రమ్మును, రబ్బరును తినేస్తుంది.

మనిషిని పిలవక తప్పనప్పుడు విజిట్ చార్జీ ఎంతో ముందే ఫోన్‌లో తేల్చుకోండి. పని మొదలయ్యేముందు జాబ్ షీట్ మీద లోపం, పార్టు పేరు, ధర రాయించండి. బోర్డు బయటికి తీసుకెళ్లాలంటే పార్ట్ నంబరుతో రసీదు రాసి సంతకం పెట్టాలి. మార్చిన పాత పార్టు మీ దగ్గరే ఉండాలి. డబ్బు సంస్థ పేరున్న ఖాతాకే పంపండి, బిల్లు మీది జీఎస్టీ నంబరును జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి పేరు సరిపోయిందో చూడండి. కొత్త పార్టుకు ఎన్ని రోజుల వారంటీయో బిల్లు మీదే రాయించండి.

ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకండి. ఖాతాలోంచి మోసంగా డబ్బు లాగేస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకూ చెప్పండి. గంటలు గడిచేకొద్దీ డబ్బును ఆపే అవకాశం తగ్గుతుంది. పని చేయకుండా డబ్బు తీసుకున్నా, పార్టు మార్చి మోసగించినా 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పండి. అక్కడ తెగకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయవచ్చు. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారాలకు ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయవచ్చు. దానికి జాబ్ షీట్, యూపీఐ రసీదు, కాల్ వచ్చిన నంబరు, బోర్డు ఫొటోలు కావాలి. వాట్సాప్ సంభాషణ చెరిపేయకుండా ఈ రోజే బ్యాకప్ చేసి పెట్టండి.