ఐర్లాండ్‌లో పుట్టిన అమ్మ బర్త్ రికార్డు దొరకట్లేదా? సివిల్ రిజిస్టరా, చర్చి పుస్తకమా, డీఎన్‌ఏనా.. ఏది మేలు?

మేం డబ్లిన్‌లో ఉంటాం. పక్కింట్లో ఎనభై ఆరేళ్ల ఐరిష్ పెద్దావిడ ఒక్కరే ఉంటారు, మా పిల్లలు గ్రానీ అంటారు, వాళ్లని చూసి నేనూ అలాగే పిలుస్తా. పోయిన చలికాలంలో ఒక సాయంత్రం టీకి పిలిచి వాళ్లమ్మ సమాధి రాయి ఫోటో చూపించారు. రాయి మీద పేరు ఉంది, పోయిన సంవత్సరం 1989 అని ఉంది, పుట్టిన సంవత్సరం ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ. అప్పట్లో ఎవరికీ ఖాయంగా తెలియక అలా వదిలేశారట. "నేను పోయేలోపు అది చెక్కించాలి, కనుక్కుని పెడతావా" అని అడిగారు. ఆవిడ దగ్గర ఉన్న వివరాలు ఇంతే, అమ్మ పేరు డీలియా, మేయో కౌంటీ, పుట్టినరోజు ఫిబ్రవరి 1, సంవత్సరం 1912 అని అమ్మే చెప్పేవారు.

దానికి నాలుగు నెలలు పట్టింది. ఈ నాలుగు నెలల్లో అన్ని దారులూ తొక్కాను కాబట్టి ఏది ఎప్పుడు పనికొస్తుందో రాస్తున్నా. ఇక్కడ స్థిరపడ్డ మన తెలుగువాళ్లలో ఐరిష్ వాళ్లని పెళ్లి చేసుకున్నవాళ్లు కూడా అత్తగారివైపు చరిత్ర అడుగుతుంటారు, వాళ్లకీ పనికొస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఏ దారి మేలు అనేది మీ చేతిలో ఏముందో దాన్నిబట్టే ఉంటుంది. మీరు వెతికే మనిషి తల్లి పుట్టింటి ఇంటిపేరు తెలిస్తే సివిల్ రిజిస్టర్ మేలు. ఊరు, అంటే వాళ్లు టౌన్‌ల్యాండ్ అంటారు, అది తెలిస్తే చర్చి పుస్తకం మేలు. పుట్టిన తేదీ ఒక్కటే తెలిస్తే దాన్ని పట్టుకుని ఎక్కడికీ పోవద్దు, ఎందుకంటే ఆ కాలం ఐర్లాండ్‌లో అన్నిటికంటే నమ్మకూడనిది తేదీనే.

ముందు సివిల్ రిజిస్టర్ సంగతి. ఐర్లాండ్‌లో పుట్టుకలు, చావులు, పెళ్లిళ్లు అన్నీ ప్రభుత్వ పుస్తకాల్లోకి ఎక్కడం మొదలైంది 1864 జనవరి 1 నుంచి (క్యాథలిక్కులు కానివాళ్ల పెళ్లిళ్లయితే 1845 నుంచే ఉన్నాయి). వందేళ్లు దాటిన పుట్టుకలు ఐరిష్ జీనియాలజీ డాట్ ఐఈ అనే ప్రభుత్వ సైట్లో ఫ్రీగా దొరుకుతాయి, వివరాలు ఎక్కించిన లిస్టే కాదు, రిజిస్టర్ పేజీ స్కాన్ కూడా ఉంటుంది, పైసా కట్టక్కర్లేదు. పెళ్లిళ్లు డెబ్బై ఐదేళ్లు దాటినవి, చావులు యాభై ఏళ్లు దాటినవి కూడా అక్కడే. ఇంత మంచి సౌకర్యం ఇంకో దేశంలో నేనైతే చూళ్లేదు.

కానీ అందరూ చేసే పని ఏంటంటే పేరు కొట్టి, సంవత్సరం కొట్టి, రాకపోతే "రికార్డు లేదు" అని వదిలేస్తారు. నేనూ మొదటి వారం అదే చేశా. డీలియా, 1912, మేయో. ఏమీ రాలేదు. 1911 నుంచి 1914 దాకా చూసినా లేదు. ఇందులో ఇబ్బంది ఎక్కడంటే, ఆ రోజుల్లో ఇంటిపేర్లు ఒకసారి ఓ'సల్లివన్ అని, ఇంకోసారి ఉత్త సల్లివన్ అని రాసేవాళ్లు. కొందరు పిల్లలకి రిజిస్టర్ చేసే రోజుకి పేరే పెట్టి ఉండరు, అక్కడ ఆడ, మగ అని మాత్రమే ఉంటుంది. ఇక ముద్దుపేర్లు, బ్రిజెట్ అంటే బ్రైడీ, బిడ్డీ, డీలియా, అన్నీ ఒకటే, హొనోరా అంటే నోరా, హానా. ఇంట్లో జీవితాంతం డీలియా అని పిలిచినా పుస్తకంలో బ్రిజెట్ అనే ఉంటుంది. పోనీ బ్రిజెట్ వాల్ష్ అని మేయోలో వెతికి చూడండి, ఎంతమంది వస్తారో! అందుకే పేరు వదిలేయండి, తల్లి పుట్టింటి ఇంటిపేరు పట్టుకోండి. 1900 దాటాక పుట్టినవాళ్లలో చాలామందికి ఆ పేరుతో కూడా సెర్చ్ చెయ్యొచ్చు, పిల్ల పేరు ఖాళీగా వదిలేసి, సంవత్సరం అటూ ఇటూ ఐదేళ్లు పెంచి, జిల్లా కాలమ్ కూడా ఖాళీగా వదిలేసి కొట్టాలి.

జిల్లా ఎందుకు వదిలేయాలంటే, రిజిస్ట్రేషన్ జిల్లాలు కౌంటీల ప్రకారం ఉండవు, పాత పూర్ లా యూనియన్ల (పేదల సహాయం కోసం అప్పట్లో చేసిన విభాగాలు) ప్రకారం ఉంటాయి, ఒక్కోసారి ఒకే జిల్లా రెండు కౌంటీల్లో పడుతుంది. పైగా ఇంకో సంగతి ఉంది, ఇది మనవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది, అక్కడ కూడా తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్లేవాళ్లు చాలామంది. పెద్ద బిడ్డ పుట్టుక అమ్మమ్మగారి ఊళ్లో, అంటే వేరే జిల్లాలో, వేరే చర్చిలో రాసి ఉంటుంది. నాన్నవైపు ఊరు పట్టుకుని ఎన్నాళ్లు వెతికినా దొరకదు.

తల్లి పుట్టింటి ఇంటిపేరు తెలియదంటారా, గ్రానీకీ తెలీదు. దానికి 1911 సెన్సస్ చూడాలి. 1901 మార్చి 31న, 1911 ఏప్రిల్ 2న తీసిన సెన్సస్‌లు రెండూ నేషనల్ ఆర్కైవ్స్ సైట్లో ఫ్రీ. వాటికంటే ముందువి మిగల్లేదనే చెప్పాలి, 1821 నుంచి 1851 దాకావి 1922లో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ అనే కోర్టు భవనాల మంటల్లో పోయాయి, తర్వాతి నాలుగూ ప్రభుత్వమే నాశనం చేసింది. 1911 ఫారంలో పెళ్లయిన ఆడవాళ్లని పెళ్లయి ఎన్నేళ్లు, ఎంతమంది పిల్లలు పుట్టారు, ఎంతమంది బతికున్నారు అని అడిగారు. గ్రానీ తాతగారి ఇంటి ఫారం దొరికింది. పెళ్లయి నాలుగేళ్లు, ముగ్గురు పిల్లలు, ముగ్గురూ ఉన్నారు, పెద్దది బ్రిజెట్, మూడేళ్లు. గ్రానీ చూసి "ఈ బ్రిజెట్ చిన్నప్పుడే పోయిన పెద్దమ్మ అయ్యుంటుంది, అమ్మ ఆ తర్వాత కదా పుట్టింది" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. కానీ ఆ బ్రిజెట్ చనిపోయినట్టు రికార్డు ఎక్కడా లేదు, డీలియా పుట్టినట్టూ లేదు. రెండు ఖాళీలు ఒకేచోట ఉన్నాయంటే ఇద్దరూ ఒకరే అయ్యుండాలి కదా. అంటే ఆవిడ 1912లో పుట్టే అవకాశమే లేదు, 1911 నాటికే మూడేళ్ల పిల్ల.

పెళ్లయి నాలుగేళ్లు అంటే 1907 అటూ ఇటూ పెళ్లి, ఆ పెళ్లి రికార్డు సివిల్ సైట్లో పది నిమిషాల్లో దొరికింది, అందులో పెళ్లికూతురి ఇంటిపేరు, ఊరు, వాళ్ల నాన్న పేరు అన్నీ ఉన్నాయి. ఆ ఇంటిపేరుతో వెతికితే బ్రిజెట్ పుట్టుక వచ్చింది, మేం వెతుకుతున్న కాసిల్‌బార్ జిల్లాలో కాదు, స్విన్‌ఫోర్డ్‌లో. పేజీకి పది పుట్టుకలు, ఆవిడది నాలుగోది. పుట్టింది 1908 మార్చి 2, రిజిస్టర్ చేసింది ఏప్రిల్ 11. సమాచారం ఇచ్చినవాళ్ల కాలమ్‌లో బ్రిజెట్ అమ్మమ్మ పేరు, "పుట్టినప్పుడు దగ్గరున్నారు" అని, పేరుకీ ఇంటిపేరుకీ మధ్యలో ఒక ఇంటూ గుర్తు, పక్కన "ఆమె గుర్తు" అని రిజిస్ట్రార్ రాత. గ్రానీ స్క్రీన్ మీద ఆ ఇంటూ గుర్తు మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు. వాళ్ల ముత్తవ్వ సంతకం బదులు పెట్టిన గుర్తు అది.

ఇక్కడితో అయిపోయిందనుకున్నా. గ్రానీ ఒప్పుకోలేదు. "అమ్మ పుట్టినరోజు సెయింట్ బ్రిజిడ్ పండగ రోజు, ఫిబ్రవరి ఒకటి, అందుకే ఆ పేరు పెట్టారు, అది మాత్రం తప్పు కాదు" అన్నారు.

అప్పుడు చర్చి పుస్తకం. నిజం చెప్పాలంటే ఈ దారిని నేను ముందే మొదలుపెట్టాల్సింది, ఎందుకంటే తేదీ విషయంలో సివిల్ రిజిస్టర్ కంటే బాప్తిస్మం పుస్తకమే ఎక్కువ నమ్మదగ్గది. కారణం చాలా మామూలుది. రిజిస్ట్రార్ దగ్గరికి గడువులోపు వెళ్లకపోతే జరిమానా, పొలం పనుల్లో ఉన్నవాళ్లు ఆలస్యంగా వెళ్లి జరిమానా తప్పించుకోడానికి అసలు తేదీ కంటే కొన్నాళ్లు తర్వాత పుట్టినట్టు చెప్పేవాళ్లు. బాప్తిస్మం మాత్రం పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే చేయించేవాళ్లు, అక్కడ అబద్ధం చెప్పాల్సిన పని లేదు. అందుకే పుట్టకముందే బాప్తిస్మం జరిగినట్టు కనిపించే రికార్డులు ఐర్లాండ్ నిండా ఉన్నాయి. మన ఊళ్లలో బడిలో చేర్చేటప్పుడు హెడ్మాస్టరుగారు వేసిన డేటే ఇప్పటికీ టెన్త్ సర్టిఫికెట్ మీద ఉన్నవాళ్లకి ఇది వింతగా అనిపించదు.

చర్చి పుస్తకాల్లో చిక్కేంటంటే ఒకేచోట దొరకవు. క్యాథలిక్ రిజిస్టర్ల మైక్రోఫిల్మ్ పేజీలు నేషనల్ లైబ్రరీ 2015 జులైలో ఆన్‌లైన్లో ఫ్రీగా పెట్టింది, వెయ్యికి పైగా ప్యారిష్‌లు (ఒక్కో చర్చి కిందకి వచ్చే ప్రాంతాలు), కానీ చాలావరకు 1880 దాకానే, పైగా ఆ సైట్లో పేరుతో సెర్చ్ లేదు, పేజీ పేజీ తిప్పాలి, చాలాచోట్ల రాత లాటిన్‌లో ఉంటుంది, జేమ్స్‌ని జకోబస్ అని, విలియమ్‌ని గులియెల్మస్ అని రాస్తారు. కెర్రీ, డబ్లిన్ సిటీ, కార్క్‌లో కొంత భాగం అయితే పైన చెప్పిన ప్రభుత్వ సైట్లోనే చర్చి రికార్డులు కూడా పేరుతో వెతకొచ్చు. మిగతా కౌంటీలకి రూట్స్ ఐర్లాండ్ అని డబ్బులు కట్టే సైట్ ఉంది, ఊరు తెలియనివాళ్లకి అది ఒక నెల తీసుకోవడం మంచిదే, తల్లీతండ్రీ పేర్లతో కౌంటీ మొత్తం వెతకొచ్చు, కాకపోతే అక్కడ ఉండేది ఎవరో చూసి ఎక్కించిన వివరాలే, అసలు పేజీ కనపడదు, ఎక్కించేటప్పుడు తప్పు పడితే మనకి తెలియదు. ప్రొటెస్టెంట్ కుటుంబాలైతే ఇంకా కష్టం, చర్చ్ ఆఫ్ ఐర్లాండ్ పుస్తకాల్లో సగానికి పైగా అదే 1922 మంటల్లో కాలిపోయాయి.

1908 పుట్టుక అంటే నేషనల్ లైబ్రరీలో ఉండదు, ఆ పుస్తకం ఇంకా ప్యారిష్ ఆఫీసులోనే ఉంటుంది. అమ్మమ్మగారి ఊరు పెళ్లి రికార్డులో ఉంది కదా, ఆ టౌన్‌ల్యాండ్ ఏ ప్యారిష్ కిందకి వస్తుందో చూసి (దేశం మొత్తం మీద అరవై వేలకి పైగా టౌన్‌ల్యాండ్‌లు ఉన్నాయి, ఒకే పేరుతో పదేసి ఉంటాయి, జాగ్రత్తగా చూస్కోవాలి) గ్రానీ పేరుమీదే ఉత్తరం రాశాం. కూతురే అడుగుతోంది అంటే వాళ్లు ఇచ్చే మర్యాద వేరు. మూడు వారాలకి ప్యారిష్ సెక్రటరీ ఫోన్ చేశారు, గ్రానీ స్పీకర్ పెట్టారు, నేను పక్కనే ఉన్నా. బాప్తిస్మం 1908 ఫిబ్రవరి 2. అంటే ఫిబ్రవరి 1న పుట్టడం సరిగ్గా సరిపోయింది. అమ్మ చెప్పిన రోజు నిజం, సంవత్సరం మాత్రం నాలుగేళ్లు తర్వాతది. సర్కారు పుస్తకంలో సంవత్సరం నిజం, రోజు నెల తేడా.

"మార్జిన్‌లో ఇంకో లైన్ ఉంది, చదవనా" అన్నారు ఆ సెక్రటరీ. 1908 ఈస్టర్ నుంచి రోమ్ ఒక రూల్ పెట్టింది, ఎవరికి ఎక్కడ పెళ్లయినా ఆ కబురు బాప్తిస్మం అయిన చర్చికి పంపాలి, అక్కడ వాళ్ల పేరు పక్కన రాయాలి. ఆ మార్జిన్‌లో 1936, డబ్లిన్‌లో ఫలానా చర్చి, పెళ్లికొడుకు పేరు. అది గ్రానీ నాన్న పేరు. మేయోలో అదే పేరుతో ఇంకెంతమంది బ్రిజెట్‌లు ఉన్నా ఈ బ్రిజెట్టే ఆ డీలియా అని చెప్పే సాక్ష్యం ఆ ఒక్క లైనే. ఇది ఏ సివిల్ పేజీలోనూ ఉండదు, అందుకే పుట్టింది 1908 అటూ ఇటూ అయి ఊరు తెలిస్తే నేను కళ్లు మూసుకుని చర్చి పుస్తకమే మేలు అంటా.

డీఎన్‌ఏ టెస్ట్ సంగతి గ్రానీ మనవడు మొదట్నుంచీ అంటూనే ఉన్నాడు, కిట్ తెప్పిస్తే అయిపోతుంది కదా అని. డీఎన్‌ఏ బంధువుల్ని చూపిస్తుంది గానీ తేదీ చెప్పదు, సర్టిఫికెట్ ఇవ్వదు. కాగితాలు ఉన్న కుటుంబానికి అది చివర్న చేసే పని. కానీ ఒక్కచోట మాత్రం అదే మొదటి దారి, కాగితమే అబద్ధం అయినప్పుడు. ఐర్లాండ్‌లో చట్టబద్ధమైన దత్తత 1953లో మొదలైంది, అంతకుముందూ ఆ తర్వాతా కూడా పెళ్లికాని తల్లుల బిడ్డల్ని పెంచుకున్నవాళ్ల సొంత పిల్లలన్నట్టు రిజిస్టర్ చేసిన సందర్భాలు ఉన్నాయి, 2018లో ఒకే దత్తత సంస్థ ఫైళ్లలో అలాంటివి 126 బయటపడ్డాయని ప్రభుత్వమే ప్రకటించింది. అలాంటివాళ్లకి రికార్డు చక్కగా దొరుకుతుంది, అందులో ఉన్న తల్లి పేరు మాత్రం నిజం కాదు, ఎంత బాధ అది. 2022 అక్టోబర్ నుంచి దత్తత వెళ్లినవాళ్లకి తమ అసలు బర్త్ సర్టిఫికెట్ చూసుకునే హక్కు చట్టంగా వచ్చింది, వాళ్లు ముందు ఆ దారిలో అప్లై చేసి, పక్కనే డీఎన్‌ఏ కూడా ఇచ్చి ఉంచుకోవడం మంచిది.

అమ్మానాన్నలు 1930ల్లో పుట్టినవాళ్లయితే వందేళ్లు నిండలేదు కాబట్టి పేజీ ఆన్‌లైన్లో కనపడదు. ఫ్యామిలీ సెర్చ్ అనే సైట్లో 1958 దాకా ఇండెక్స్ ఫ్రీగా ఉంది, అందులో జిల్లా, వాల్యూమ్, పేజీ నంబరు రాసుకుని జనరల్ రిజిస్టర్ ఆఫీసుకి అప్లై చేస్తే సర్టిఫికెట్ 20 యూరోలు. తాతయ్యో అమ్మమ్మో ఐర్లాండ్‌లో పుట్టారని చూపించి పౌరసత్వం తీసుకునేవాళ్లకి ఎలాగూ ఈ సర్టిఫికెట్టే కావాలి, సైట్లోంచి ప్రింట్ తీసిన పేజీ సరిపోదు.

రాయి పని ఏప్రిల్లో అయింది. చెక్కే అతను ఏ డేట్ వెయ్యమంటారు అని అడిగితే గ్రానీ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా 1908 ఫిబ్రవరి 1 అన్నారు. ఇప్పుడు వాళ్ల నాన్నది వెతుకుతున్నాం. ఆయనది టైరోన్, అంటే ఇప్పటి నార్తర్న్ ఐర్లాండ్, అక్కడి పుట్టుకలు 1921 దాకా పైన చెప్పిన ఐరిష్ ప్రభుత్వ సైట్లోనే ఉన్నాయి, ఆ తర్వాతవి బెల్‌ఫాస్ట్ ఆఫీసు సైట్లో డబ్బులు కట్టి చూడాలి. ఈసారి మొదటి ఉత్తరం ప్యారిష్‌కే రాశాం.