పీసీమూవర్ ప్రొఫెషనల్: ప్రోగ్రాములు వస్తాయి, లైసెన్సులు రావు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది. కొత్త కంప్యూటర్ కొన్నవాళ్లకి ఫైళ్లతో పెద్ద ఇబ్బంది లేదు, కాపీ కొట్టుకుంటే సరి. చిక్కంతా ప్రోగ్రాములతోనే. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో మోసుకొచ్చినా అవి తెరుచుకోవు, ఎందుకంటే రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగుల పట్టిక) ఎంట్రీలు, సర్వీసులు (వెనకాల నడిచే భాగాలు) పాతదాంట్లోనే ఉండిపోతాయి. లాప్‌లింక్ కంపెనీ వాళ్ల పీసీమూవర్ అనే సాఫ్ట్‌వేర్ వాటినీ కలిపి తెస్తుంది. డబ్బు పెట్టేది ఆ పనికే.

సాఫ్ట్‌వేర్ రెండు కంప్యూటర్లలోనూ వేయాలి. ఒక లైసెన్సు ఒక జతకే. వైఫై మీద మాత్రం నడపొద్దు: సెకనుకి 6 ఎంబీ వస్తుంటే 200 జీబీకి తొమ్మిది గంటలు దాటుతుంది. గిగాబిట్ లాన్‌లో (కేబుల్‌తో కలిపే నెట్‌వర్క్) పెద్ద ఫైళ్లయితే అరగంట చిల్లర, చిన్న ఫైళ్లు లక్షల్లో ఉంటే ఇంకా ఎక్కువ. మామూలు లాన్ కేబుల్‌ని రెండింటికీ నేరుగా పెట్టినా పనిచేస్తుంది, క్రాసోవర్ అనే ప్రత్యేక కేబుల్ అక్కర్లేదు. కొత్త ల్యాప్‌టాప్‌కి లాన్ పోర్టు లేకపోతే టైప్-సి అడాప్టర్ కొనాలి. రెండింట్లోనూ స్లీప్ ఆపేసి, చార్జర్ పెట్టి, యాంటీవైరస్ కాసేపు ఆపండి. ఇవి చేయకపోతే ట్రాన్స్‌ఫర్ సగంలో తెగిపోవచ్చు.

స్కాన్ అయ్యాక వచ్చే ప్రోగ్రాముల జాబితాని ఓపిగ్గా చూడండి. పాత ల్యాప్‌టాప్ కంపెనీ యుటిలిటీలు, ఎప్పుడో అమ్మేసిన ప్రింటర్ సాఫ్ట్‌వేర్ టిక్ తీసేయండి. యాంటీవైరస్‌ని కొత్తగానే వేసుకోవాలి.

లైసెన్సుల పని మాత్రం మీదే. ట్యాలీ ఉంటే ముందు పాతదాంట్లో ఎఫ్1 హెల్ప్, సెట్టింగ్స్, లైసెన్స్‌లోకి వెళ్లి సరెండర్ చేయాలి (అంటే పాతదాంట్లోంచి లైసెన్సు వదిలేయాలి), ఆ తర్వాతే కొత్తదాంట్లో యాక్టివేషన్. పాతదాన్ని ఫార్మాట్ చేయకముందే ఈ పని చేసుకోండి. ఆఫీస్, అడోబీ మళ్లీ సైన్ ఇన్ అడుగుతాయి. క్రోమ్ ప్రొఫైల్ వచ్చినంతమాత్రాన పాస్‌వర్డ్‌లు వచ్చినట్టు కాదు. వాటి తాళం పాత విండోస్ ఖాతాకి ముడిపడి ఉంటుంది. ముందే క్రోమ్‌లో సింక్ (గూగుల్ ఖాతాలో దాచుకునే ఏర్పాటు) ఆన్ చేసుకోండి.

డీటీపీ చేసేవాళ్లు ఫాంట్లు విడిగా సరిచూసుకోవాలి. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకీ ఉమ్మడి అక్షర పద్ధతి) కావు. ఒక్క ఫాంటు తప్పినా పెళ్లికార్డు కాస్తా ఇంగ్లిష్ అక్షరాల కిచిడీ అవుతుంది. ఫాంట్లు విండోస్ ఫోల్డర్‌లోనే కాదు, యూజర్ ఖాతాలోని యాప్‌డేటా అనే ఫోల్డర్‌లో కూడా ఉండొచ్చు.

తేడా వస్తే అన్‌డూ ఉంది. తెచ్చినవన్నీ కొత్తదాంట్లోంచి తీసేస్తుంది, పాతదాని జోలికి పోదు. సెటప్ ఫైళ్లు దొరకని పాత ప్రోగ్రాములు పదీ పదిహేను ఉన్నవాళ్లకి ఇది డబ్బుకి తగ్గ సరుకు. బ్రౌజరూ, ఆఫీసూ మాత్రమే వాడేవాళ్లకి ఒక ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ చాలు. దాన్ని ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేసుకోండి, ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు.