“షుగర్ వేయలేదు” అన్న స్టిక్కర్ చూసి లడ్డూలు కొనకండి, దాని కింద ఏముందో నేను చూశాను

ఆన్‌లైన్‌లో మిల్లెట్ లడ్డూలు, రాగి బిస్కెట్లు, ఖర్జూరం బర్ఫీలు “నో యాడెడ్ షుగర్” అని చూసి కొంటున్నవాళ్లు, ముఖ్యంగా ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్ల కోసం కొంటున్నవాళ్లు, దయచేసి ఇది పూర్తిగా చదవండి. నాకు పోయింది రెండు వేల చిల్లర, అది పోతే పోయింది. మా అమ్మకి రెండు వారాలుగా షుగర్ పెరుగుతూ ఉండడానికి నేను పంపిన డబ్బాలే కారణమని తెలిశాక మాత్రం నాకు సరిగ్గా నిద్ర పట్టడం లేదు.

ముందు నా సంగతి చెప్తాను. జనవరిలో నా హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష, 6.1 వచ్చింది, 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్ వచ్చే ముందు దశ అంటారు. డాక్టర్ గారు మందులేమీ రాయలేదు, ప్యాకెట్లలో వచ్చేవి మానేసి ఇంట్లో వండుకున్నవి, కాయలు, పప్పులు తినమన్నారు. సరే అని పంచదార, బిస్కెట్లు, బేకరీ సరుకు మొత్తం ఆపేశాను. పొద్దునా రాత్రీ పెద్దగా ఇబ్బంది లేదు, బాధంతా సాయంత్రం నాలుగింటికే. ఆఫీసులో టీ వచ్చే వేళకి నోరు తీపి అడుగుతుంది, పని మీద మనసు నిలవదు, పక్క సీట్లో ఎవరైనా బిస్కెట్ ప్యాకెట్ చింపితే ఆ చప్పుడుకే ప్రాణం లాగేస్తుంది. మొదటి పది రోజులు తలనొప్పి, చిరాకు కూడా. తర్వాత మెల్లగా తగ్గింది, రెండు నెలలకి టీ కూడా పంచదార లేకుండా తాగగలిగాను.

సరిగ్గా అప్పుడే ఫోన్‌లో ఆ ప్రకటన కనబడింది. రాగులు, జొన్నలు, నువ్వులు, ఖర్జూరం, నెయ్యి, ఇంతే వేస్తామని, షుగర్ ఉన్నవాళ్లు కూడా నిశ్చింతగా తినొచ్చని. అరకిలో డబ్బా 540 రూపాయలు. నాకు రెండు, తెనాలిలో ఉన్న మా అమ్మకి రెండు ఆర్డర్ పెట్టాను. అమ్మ స్వీట్లు ముట్టుకుని ఎన్నేళ్లయిందో, పాపం సంతోషపడుతుందని.

మొదటి లడ్డూ కొరికినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. ఖర్జూరం తీపి నాలుక మీద మెల్లగా, చిక్కగా తెలుస్తుంది. ఇది పళ్లు జివ్వుమనే తీపి, నమిలే పనే లేకుండా కరిగిపోయింది, చివర్లో సన్నటి పలుకు తగిలింది. నువ్వు పలుకేమో అనుకుని ఊరుకున్నాను. మైసూర్‌పాక్ అయితే ఒక ముక్క తిని చెయ్యి వెనక్కి తీసుకునేదాన్ని, దీని మీద షుగర్ లేదని రాసి ఉంది కాబట్టి నాలుగింటికి రెండు, అన్నం తిన్నాక ఒకటి, పడుకోబోయే ముందు ఇంకొకటి. రెండు నెలలు కష్టపడి తగ్గించుకున్న తీపి యావ పది రోజుల్లో మొదటికొచ్చింది. నా మీద నాకే అదుపు లేదేమో అని చాలా బాధపడ్డాను కూడా, లోపల ఉన్నది పంచదారేనని తెలియక.

అమ్మకి పదకొండేళ్లుగా షుగర్ ఉంది. వారానికోసారి పరగడుపున, మధ్యాహ్నం తిన్న రెండు గంటలకి మీటర్‌లో చూసి పాత క్యాలెండర్ వెనక రాసి పెడుతుంది. తిన్నాక 160, 170 ఉండేది ఒక వారం 230 దాటింది, తర్వాతి వారం 251. నడక మానలేదు, టాబ్లెట్లు తప్పలేదు. ఫోన్‌లో గంటసేపు గుచ్చి గుచ్చి అడిగితే చివరికి అంది, “కొత్తగా ఏమీ తినట్లేదే, నువ్వు పంపిన లడ్డూలేగా, షుగర్ లేనివేగా, అన్నం తిన్నాక ఒకటి, టీతో రెండు తింటున్నా.”

ఆ శనివారమే తెనాలి వెళ్లాను. ఫ్రిజ్ చెమ్మకి డబ్బా వెనక స్టిక్కర్ ఒక మూల లేచి ఉంది. వేడి నీళ్లలో ముంచిన గుడ్డ కాసేపు దాని మీద పెట్టి మెల్లగా లాగితే కింద ఇంకో లేబుల్ బయటపడింది. అమ్మ కళ్లజోడు పెట్టుకుని తనే చదివింది: పంచదార, రాగి పిండి, వనస్పతి, లిక్విడ్ గ్లూకోజ్, మాల్టోడెక్స్‌ట్రిన్, ఆ తర్వాత ఎక్కడో ఖర్జూరం 4 శాతం. 100 గ్రాములకి మొత్తం షుగర్ 41 గ్రాములు. వంటింటి కాటా మీద ఒక లడ్డూ పెట్టి చూస్తే 28 గ్రాములు తూగింది. అంటే ఒక్కో దాంట్లో పదకొండు గ్రాముల పైనే, రెండు చెంచాల పంచదారకి ఎక్కువే. నేను రోజుకి నాలుగు తిన్నాను, దాదాపు 46 గ్రాములు. ఇలా పైనుంచి కలిపే తీపి రోజుకి 25 గ్రాముల లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 నుంచీ చెప్తోంది.

అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే మొదట “అది పాత బ్యాచ్ లేబుల్ మేడమ్” అన్నారు, కాసేపటికి “మేము వేసేది బెల్లం, బెల్లం షుగర్ కిందకి రాదు” అన్నారు. ఈ రెండో మాట చాలామంది నమ్ముతారు కాబట్టి గట్టిగా చెప్తున్నాను, బెల్లంలో ఎక్కువ భాగం పంచదారలో ఉండే సుక్రోజే. రంగు, రుచి వేరు, కాస్త ఐరన్ లాంటివి ఉండొచ్చు, రక్తంలో షుగర్ పెంచడంలో మాత్రం పెద్ద తేడా లేదు. తాటి బెల్లం, తేనె, కొబ్బరి చక్కెర కూడా ఈ లెక్కలోవే. ఎండు ఖర్జూరంలో కూడా 100 గ్రాములకి సుమారు 65 గ్రాముల షుగర్ ఉంటుంది, పండుగా రెండు నమిలి తినడం వేరు, పేస్ట్ చేసి లడ్డూకి పట్టించడం వేరు. అసలు ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 నిబంధనల ప్రకారం “షుగర్ కలపలేదు” అని రాయాలంటే ఏ రకం చక్కెరా కలపకూడదు, తేనె కూడా, దాని బదులు ఎండు పళ్ల పేస్ట్ వేసినా ఆ మాట రాయకూడదు. “షుగర్ ఫ్రీ” అని రాయాలంటే 100 గ్రాములకి అర గ్రాము దాటకూడదు.

కాబట్టి డబ్బా ముందువైపు పెద్ద అక్షరాలు వదిలేయండి, వెనక్కి తిప్పండి. ఏది ఎక్కువ బరువు వేశారో అదే ముందు రాయాలన్నది రూల్, మొదటి మూడు పేర్లు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. “యాడెడ్ షుగర్” అంకె ఉందా చూడండి, 14 అంకెల లైసెన్స్ నంబర్ ఉందా చూడండి, స్టిక్కర్ మీద స్టిక్కర్ ఉంటే అసలు తీసుకోవద్దు. మాల్టోడెక్స్‌ట్రిన్ అన్న పేరు బాగా గుర్తుంచుకోండి. అది పిండి పదార్థాన్ని విడగొట్టి చేసే పొడి, షుగర్ లెక్కలో చూపించక్కర్లేదు, ఒంట్లోకి వెళ్తే గ్లూకోజ్‌కి తీసిపోనంత వేగంగా షుగర్ పెంచుతుంది. పంచదార బదులు తీపి కోసం వాడే మాల్టిటాల్ లాంటివి వేసినవి ఎక్కువ తింటే కడుపు పాడవుతుంది. ప్రోటీన్ బార్లు, గ్రనోలాలు కూడా ఇలాగే వెనక్కి తిప్పి చూసి కొనండి.

మరి నాలుగింటికి నోరు లాగితే ఏం చేయాలి అని అడుగుతారు. నాకు అర్థమైంది ఏమిటంటే, ఆ యావ సగం మధ్యాహ్నం భోజనం వల్లే. పళ్లెం నిండా అన్నం, నాలుగు చెంచాల కూరతో లాగించి వచ్చిన రోజు తప్పకుండా వస్తుంది. అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు, కూర పెంచి, గుడ్డో పెరుగో పెట్టుకున్న రోజు చాలావరకు రాదు. ఆఫీసుకి చిన్న స్టీలు డబ్బాలో గుగ్గిళ్లు తీసుకెళ్తున్నాను, రాత్రి నానబెట్టిన శనగలు పొద్దున కుక్కర్లో రెండు విజిల్స్ ఎక్కువే రానిచ్చి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు వేసి, చివర్లో నిమ్మకాయ పిండి. నమలడానికే పది నిమిషాలు పడుతుంది, ఆ పది నిమిషాల్లో సగం యావ పోతుంది. ఒక్కోరోజు జామకాయ, ఒక్కోరోజు గుప్పెడు వేయించిన పల్లీలు, చల్ల మజ్జిగ. మరీ తీపి కావాలనిపిస్తే భోజనం అయిన వెంటనే ఒక ఖర్జూరం పల్లీలతో కలిపి తింటాను, ఖాళీ కడుపుతో తినను. ఇంట్లో తీపి కనబడే చోట ఉంచడం మానేశాను, ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ నాకు అన్నిటికంటే బాగా పనిచేసింది.

అమ్మ లడ్డూలు ఆపిన రెండో వారానికి 178 చూసింది. మందుల డోసు మనంతట మనం మార్చలేదు, ఆ క్యాలెండర్, లేబుల్ ఫొటో తీసుకెళ్లి వాళ్ల డాక్టర్ గారికి చూపించాం, మూడు నెలలకి మళ్లీ హెచ్‌బీఏ1సీ చేయించమన్నారు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను, ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో కూడా ఫొటోలతో పెట్టాను. డబ్బులు ఇంకా రాలేదు, తినే సరుకు మేము వాపసు తీసుకోం అంటున్నారు అమ్మినవాళ్లు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి వాళ్ల పేరు ఇక్కడ రాయడం లేదు. మిగిలిన ఆరు లడ్డూలు, ఊడదీసిన స్టిక్కర్, బిల్లు కవర్లో వేసి ఉంచాను. మీ ఇంట్లో కూడా ఇలాంటి డబ్బా ఉంటే కోపంలో పారేయకండి, ముందు స్టిక్కర్ అంచు గోరుతో ఎత్తి చూడండి, కింద ఇంకో లేబుల్ ఉంటే రెండూ కనబడేలా ఫొటో తీసి మీరూ ఫిర్యాదు పెట్టండి.