సోలార్ ఇన్వర్టర్ మార్చాక: ఎర్రర్ ఒకటే, కారణాలు రెండు

కొత్త సోలార్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల డీసీ కరెంటును ఏసీగా మార్చే యంత్రం) ఎలా ఉందని అడిగేవాళ్లకు ముందే చెప్పేస్తాను: బాగుంది, మళ్లీ కొనాల్సి వచ్చినా ఇదే కొంటాను. అయితే డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసిన ఎఫిషియెన్సీ అంకె చూసి మాత్రం కాదు. పాతదానికి 97.5 శాతం ఉంటే దీనికి 98 ఉంది. మూడు కిలోవాట్లు తీస్తున్నప్పుడు ఆ తేడా 15 వాట్లు, అంటే ఒక ఎల్‌ఈడీ బల్బు తినేంత. నాకు నచ్చిన సంగతి వేరే ఉంది. ఏదైనా తేడా వస్తే ఎక్కడ వచ్చిందో ఇది అంకెల్లో చెబుతుంది. పాతది ఎర్ర లైటు వేసి, ఒక కోడ్ చూపించి ఊరుకునేది. మా టెన్షనంతా ఆ కోడ్‌తోనే.

ముందు సిస్టమ్ గురించి. ఇంటి పైన 250 వాట్ల ప్యానెళ్లు 12 ఉన్నాయి, అన్నీ ఒకే స్ట్రింగ్‌లో, అంటే ఒకదాని తర్వాత ఒకటి వరసగా కలిపి. ఒక్కో ప్యానెల్ లేబుల్ మీద ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ 37.5, లోడ్ మీద 30.5 అని ఉంటుంది. అంటే లోడ్ లేనప్పుడు స్ట్రింగ్ మొత్తం 450 వోల్టులు, చలి రోజుల్లో ఇంకాస్త ఎక్కువే. ఎండకు ప్యానెళ్లు బాగా కాలినప్పుడు నడిచే వోల్టేజీ 310, 320కి దిగిపోతుంది. కొత్త ఇన్వర్టర్ ఎంచుకునేటప్పుడు అసలు లెక్కంతా ఈ అంకెల మీదే. పాతది 3 కిలోవాట్ల సింగిల్ ఫేజ్, ట్రాన్స్‌ఫార్మర్ లేని రకం. బ్యాటరీ లేదు, నేరుగా గ్రిడ్‌కే (విద్యుత్ సంస్థ లైనుకే).

ఐసోలేషన్ ఫాల్ట్, అంటే కరెంటు ఎక్కడో భూమికి లీకవుతోందని చెప్పే ఆ కోడ్, మొదటిసారి వానల్లో వచ్చింది. తెల్లవారి ఎర్ర లైటు, ఎండ ముదిరాక దానంతట అదే పచ్చ లైటు. ఇన్వర్టర్ రోజూ గ్రిడ్‌కి కలిసే ముందు ప్లస్, మైనస్ తీగలకూ భూమికీ మధ్య ఎంత రెసిస్టెన్స్ ఉందో కొలుచుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ లేని యంత్రాలకు ఐఈసీ 62109-2 అనే అంతర్జాతీయ ప్రమాణం ఒక హద్దు పెట్టింది: గరిష్ఠ డీసీ వోల్టేజీని 30 మిల్లీఆంపియర్లతో భాగిస్తే వచ్చేంత రెసిస్టెన్స్ అయినా ఉండాలి. 600 వోల్టుల యంత్రానికి అది 20 కిలోఓమ్‌లు. చాలామంది తయారీదార్లు ఇంకా పైనే హద్దు పెట్టుకుంటారు. రాత్రి మంచు, వాన తడి ఎక్కడైనా తీగలోకి దిగితే పొద్దున ఈ అంకె పడిపోతుంది, ఆరితే మళ్లీ లేస్తుంది. కాబట్టి 'పొద్దున వచ్చి పదింటికి పోయే' ఐసోలేషన్ ఫాల్ట్ అంటే ముందు తడినే అనుమానించాలి.

ఆ తడి ఎక్కడుందో పట్టుకోవడానికి ప్యానెళ్లన్నీ ఊడదీయక్కర్లేదు. ఈ చిట్కా చాలామంది ఎలక్ట్రీషియన్లకు కూడా తెలియదు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. స్ట్రింగ్‌ని ఇన్వర్టర్ నుంచి విడదీసి, ఫాల్ట్ ఉన్న సమయంలోనే మల్టీమీటర్‌తో మూడు కొలతలు తీయాలి: ప్లస్ నుంచి మైనస్‌కి, ప్లస్ నుంచి ఎర్త్‌కి, మైనస్ నుంచి ఎర్త్‌కి. స్ట్రింగ్ బాగుంటే ఎర్త్‌కి కొలిచిన రెండూ కాసేపు ఏదో అంకె చూపించి మెల్లగా సున్నా వైపు జారిపోతాయి. ఎక్కడైనా భూమికి తగులుతుంటే అంకె జారదు, నిలబడుతుంది. మా దగ్గర మొత్తం 432 వచ్చింది. ప్లస్ నుంచి ఎర్త్‌కి దాదాపు 320, మైనస్ నుంచి ఎర్త్‌కి 108 దగ్గర నిలబడ్డాయి. 432ని 12తో భాగిస్తే ప్యానెల్‌కి 36. 108 అంటే సరిగ్గా మూడు ప్యానెళ్లు. మైనస్ కొస నుంచి లెక్కపెట్టుకుంటూ వెళ్తే మూడో ప్యానెల్‌కీ నాలుగో ప్యానెల్‌కీ మధ్య ఉన్న ఎంసీ4 కనెక్టర్ (ప్యానెళ్ల తీగలను కలిపే ప్లగ్గు) దాన్ని పట్టే క్లిప్పు తెగి, కిందికి వేలాడి, నీళ్లు నిలిచే చోట పడి ఉంది. వెనక నట్టు సరిగా బిగించలేదు. విప్పితే లోపల పచ్చగా చిలుము. రెండు కొసలూ కోసి కొత్త కనెక్టర్లు వేసి, తీగను ప్యానెళ్లు బిగించిన పట్టీకి కట్టేశాక కోడ్ మాయమైంది.

ఇక్కడ ఒక హెచ్చరిక, దాటేసి చదవకండి. ఏసీ కరెంటు 50 హెర్ట్జ్ దగ్గర సెకనుకు వందసార్లు సున్నాని దాటుతుంది, అందుకే దాని నిప్పురవ్వ ఆరిపోతుంది. డీసీ సున్నాకి రాదు. లోడ్ నడుస్తుండగా ఎంసీ4 లాగితే వచ్చే మంట ఆగకుండా సాగుతుంది, చెయ్యి కాలుతుంది, ఒక్కోసారి ఇల్లే అంటుకుంటుంది. ముందు ఏసీ బ్రేకర్, తర్వాత డీసీ ఐసొలేటర్, ఆపైన క్లాంప్ మీటర్‌తో కరెంటు సున్నా అని చూసుకుని అప్పుడే కనెక్టర్ జోలికి వెళ్లాలి. ఫాల్ట్ ఉన్న స్ట్రింగ్‌లో ప్యానెల్ ఫ్రేము కూడా షాక్ కొట్టవచ్చు. మీటర్‌కి, దాని తీగలకు కనీసం 1000 వోల్టుల రేటింగ్ ఉండాలి. ఇవన్నీ మీకు అలవాటు లేని పనులైతే పక్కన నిలబడి చేయించుకోండి, కొలతలు మాత్రం కాగితం మీద రాయించుకోండి.

చాలాకాలం తర్వాత అదే కోడ్ మళ్లీ వచ్చింది. ఈసారి వానలు లేవు. మొదట్లో పొద్దున్నే వచ్చేది, తర్వాత్తర్వాత మధ్యాహ్నం కూడా వదల్లేదు. వచ్చిన టెక్నీషియన్ స్క్రీన్ చూసీచూడగానే, "బోర్డు పోయిందండీ, మార్చేయండి" అన్నారు. ఆయన మాట చివరికి నిజమే అయింది, కానీ ఆ క్షణంలో ఆయన చెప్పింది ఊహ. ఇంతకుముందు ఇదే కోడ్‌కి కారణం కనెక్టర్ కదా! "స్ట్రింగ్ తీసి ఎర్త్‌కి కొలవండి, తర్వాత మాట్లాడదాం" అన్నాను. ఆయన కొంచెం ముఖం చిట్లించారు గానీ కొలిచారు. ప్లస్ నుంచి ఎర్త్‌కి వచ్చిన అంకె చూస్తుండగానే కిందికి జారింది, రెండోదీ అంతే. ఇన్సులేషన్ టెస్టర్ పెట్టినా రెసిస్టెన్స్ మెగాఓమ్‌లలోనే, అంటే హద్దుకు చాలా పైనే ఉంది. మంచు పడ్డ పొద్దున మళ్లీ కొలిపించాను, అదే ఫలితం. అంటే స్ట్రింగ్ శుభ్రం, కొలిచే ఇన్వర్టర్‌లోనే లోపం.

లేబుల్ మీద రాసిన సమయం ఆగి, కెపాసిటర్లు ఖాళీ అయ్యాక మూత తీస్తే విషయం బయటపడింది. అడుగున వాడని ఒక కేబుల్ గ్లాండ్‌కి (తీగ లోపలికి వెళ్లే చోట బిగించే మూతకి) రబ్బరు ఎండి పగుళ్లు బారింది. అక్కడి నుంచి తేమ వెళ్లి, డీసీ టెర్మినల్స్ పక్కన బోర్డు మీద తెల్లటి పొర కట్టింది. బయట ప్యానెళ్ల దగ్గర కాకుండా ఇన్వర్టర్ కడుపులోనే భూమికి లీకేజీ. బోర్డు కడిగి, ఆరబెట్టి చూస్తే కొన్నాళ్లు నడిచింది, మళ్లీ మొదలైంది. వారంటీ ఎప్పుడో దాటింది, ఆ మోడల్ బోర్డు దొరకడం లేదు. ఆ వయసులో లోపలి కెపాసిటర్లు కూడా అలసిపోయి ఉంటాయి. కాబట్టి మార్చడమే.

ఎంచుకునేటప్పుడు అమ్మేవాళ్లు యాప్ గురించి, బ్రాండ్ గురించి చెబుతారు. నేను డేటాషీట్‌లో నాలుగు గళ్లు మాత్రమే చూశాను. గరిష్ఠ డీసీ వోల్టేజీ 600, మా స్ట్రింగ్ చలిలో కూడా 480 దాటదు, బాగానే సరిపోతుంది. ఎంపీపీటీ (ప్యానెళ్ల నుంచి వీలైనంత ఎక్కువ పవర్ రాబట్టే భాగం) పనిచేసే పరిధిలో మా 310 నడుమన పడుతుంది. స్టార్ట్ వోల్టేజీ, అంటే పని మొదలుపెట్టడానికి కావాల్సిన వోల్టేజీ, తక్కువ. ఇన్‌పుట్ కరెంటు హద్దు మా ప్యానెళ్ల 8, 9 ఆంపియర్లకు చాలా ఎక్కువ. ఈ చివరిది పాత ప్యానెళ్లు ఉన్నవాళ్లకు చిక్కు కాదు గానీ, ఇప్పటి పెద్ద ప్యానెళ్లు 13 ఆంపియర్లు దాటుతున్నాయి. తర్వాత ప్యానెళ్లు మార్చే ఆలోచన ఉంటే ఈ గడి తప్పకుండా చూడాలి. పెద్దది కొంటే మంచిదేమో అని కిలోవాట్లు పెంచడం నాకు అనవసరం అనిపించింది. ప్యానెళ్లు ఇచ్చేదే అంత, పైగా గ్రిడ్ అనుమతి కూడా 3 కిలోవాట్లకే. మార్చే ముందు విద్యుత్ సంస్థకు మోడల్ వివరాలు పంపి ఒప్పుకోలు తీసుకున్నాం. మీటర్ సీలు జోలికి ఎవరూ వెళ్లలేదు.

బిగించేటప్పుడు నేను పట్టుబట్టినవి కొన్ని ఉన్నాయి. కొత్త ఇన్వర్టర్‌తో వచ్చే ఎంసీ4 రకం కనెక్టర్లు, పాత తీగల కొసలవి చూడ్డానికి ఒకేలా ఉంటాయి, టక్కుమని కూర్చుంటాయి కూడా. వేర్వేరు కంపెనీలవి కలిపితే లోపలి పట్టు సరిపోక వేడెక్కుతాయి. పాత కొసలు కోసి, పెట్టెలో వచ్చినవే క్రింప్ చేయించాను (నొక్కి బిగించాను). పెట్టే ముందు ప్లస్, మైనస్ తారుమారు కాలేదని మీటర్‌తో చూశారు. గోడ కూడా మార్చాం. పాతది సాయంత్రపు ఎండ పడే చోట ఉండేది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌కి వేడి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు సుమారు రెట్టింపు అవుతుందని ఇంజినీర్లు వాడే లెక్క ఒకటి ఉంది. నీడ గోడకు అంతకంటే సిఫార్సు అక్కర్లేదు. సెటప్‌లో గ్రిడ్ స్టాండర్డ్ అనే చోట ఏ దేశమో సరిగ్గా ఎంచాలి. కొన్ని యంత్రాల్లో కొన్ని గంటలు నడిచాక అది లాక్ అయిపోతుంది.

ఇక వాడకం. స్టార్ట్ వోల్టేజీ తక్కువ కాబట్టి పొద్దున ముందే లేస్తుంది, సాయంత్రం ఆలస్యంగా పడుకుంటుంది. ఆ కాస్త సమయంలో వచ్చే కరెంటు తక్కువే, మొత్తం యూనిట్లలో పెద్ద తేడా ఊహించుకోవద్దు. ఫ్యాన్ లేదు, కాబట్టి దుమ్ముతో ఆగిపోయేదీ లేదు, చప్పుడూ లేదు. గ్రిడ్ పోతే ఇదీ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవాళ్ల ప్రాణాల కోసం పెట్టిన నియమం అది, దాన్ని లోపంగా లెక్కపెట్టను.

మరి అంకెల్లో చెబుతుంది అన్నాను కదా. యాప్‌లో ఇన్సులేషన్ రెసిస్టెన్స్ రోజూ పొద్దున ఎంతో కిలోఓమ్‌లలో కనబడుతుంది. వాన కురిసిన మర్నాడు తగ్గడం, ఎండిన రోజుల్లో పెరగడం గ్రాఫులో తెలుస్తుంది. ఫాల్ట్ వచ్చేదాకా ఆగకుండా, అంకె నెలనెలా దిగుతోంటే ముందే కనెక్టర్లు చూసుకోవచ్చు. పాతదానిలో ఈ ఒక్క సౌకర్యం ఉంటే సగం గొడవ తప్పేది.

ఇంకో ఎర్రర్‌ని కూడా ఇలాగే తేల్చాం. బాగా ఎండ కాసే మధ్యాహ్నాల్లో 'గ్రిడ్ ఓవర్ వోల్టేజ్' అని ఆగి, కాసేపటికి మళ్లీ కలిసేది. మామూలు లైన్ వోల్టేజీ 230కి పది శాతం కలిపితే 253, చాలాచోట్ల హద్దు అక్కడే. లాగ్‌లో ఆగిన క్షణపు వోల్టేజీ 253 పైనే ఉంది. మామూలుగా అందరూ లైన్‌ని తిట్టి వదిలేస్తారు. పూర్తి ఉత్పత్తి నడుస్తుండగా ఒకేసారి రెండు చోట్ల కొలిస్తే మీటర్ దగ్గర 245, ఇన్వర్టర్ దగ్గర 251. ఆరు వోల్టులు మా తీగలోనే పెరుగుతున్నాయి. పాత గోడ నుంచి కొత్త గోడకు దూరం పెరిగి 30 మీటర్లు అయింది, పాత 2.5 చదరపు మిల్లీమీటర్ల కేబుల్‌నే పొడిగించి వాడారు. రానూ పోనూ 60 మీటర్ల రాగికి రెసిస్టెన్స్ 0.44 ఓమ్, 13 ఆంపియర్లకు లెక్క సరిగ్గా ఆరు వోల్టులకు దగ్గర పడుతుంది. 6 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వేయిస్తే ఆ పెరుగుదల రెండున్నర వోల్టులకు తగ్గింది. లైన్‌లో వోల్టేజీ మరీ ఎక్కువున్న రోజు ఇప్పటికీ అప్పుడప్పుడు ఆగుతుంది, అది మా చేతిలో లేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. వైఫై డాంగుల్ (ఇన్వర్టర్‌ని నెట్‌కి కలిపే చిన్న పరికరం) రౌటర్‌ని మరిచిపోతూ ఉంటుంది, తీసి పెడితే గానీ గుర్తుకు రాదు. యాప్‌లో కొత్త ప్లాంట్‌గా నమోదు చేయడంతో పాత ఇన్వర్టర్ చరిత్ర వేరే ఖాతాలో ఉండిపోయింది. మార్చే ముందే నెలవారీ యూనిట్లు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవడం మంచిది. యంత్రం మీద స్క్రీన్ లేదు, మూడు లైట్లే. ఇంట్లో పెద్దవాళ్లకు ఫోన్ లేకుండా ఇవాళ ఎంత వచ్చిందో తెలియదు. అందుకని వాళ్ల కోసం నెట్ మీటర్‌లో ఎక్స్‌పోర్ట్ అంకె (గ్రిడ్‌కి పంపిన యూనిట్లు) ఎలా చూడాలో నేర్పించాల్సి వచ్చింది. యాప్ తెలుగులో లేదు, ఎర్రర్ వివరణలు ఇంగ్లీషులో కూడా అర్థమయ్యేలా లేవు. లాగ్‌లో కొలతలు ఉన్నాయి కాబట్టి సర్దుకుంటున్నాం.