గ్రాంట్ ఆత్మకథ: సేనాధిపతి ఉన్నాడు, అధ్యక్షుడు లేడు

అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాదిని గెలిపించి, ఆ తర్వాత రెండుసార్లు అధ్యక్షుడైన యులిసిస్ గ్రాంట్ రాసుకున్న ఆత్మకథ ఇది. ఇంగ్లీషు పేపర్‌బ్యాక్ ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. అమలాపురం దాకా అట్ట నలగకుండా వచ్చింది. అక్షరాలు పర్వాలేదు, మ్యాపులు మాత్రం బొత్తిగా పనికిరావు. విక్స్‌బర్గ్ కోట దగ్గర మిసిసిపీ నది ఎలా మెలికలు తిరిగిందో, సైన్యం ఏ గట్టు నుంచి ఏ గట్టుకు దాటిందో కనబడకపోతే ఆ అధ్యాయాలు బుర్రకెక్కవు. గోదావరి పాయల మధ్య పెరిగినవాణ్ణి, నాకే తికమకగా ఉండి అట్లాసు పక్కన పెట్టుకోవాల్సి వచ్చింది.

కొనేవాళ్ళు ఒకటి తెలుసుకోవాలి. 1869 నుంచి 1877 దాకా అధ్యక్షుడిగా ఏం చేశాడో చూద్దామంటే ఇందులో దొరకదు. పుస్తకం యుద్ధంతోనే ఆగిపోతుంది. నల్లవారిని ఓటు వేయనివ్వకుండా కొట్టి చంపుతున్న కూ క్లక్స్ క్లాన్ ముఠాలను 1871 చట్టంతో, సైన్యంతో అణచడం ఆయన చేసిన గొప్ప పని. విస్కీ పన్ను కుంభకోణంలో చిక్కిన సొంత కార్యదర్శి బాబ్‌కాక్ తరఫున సాక్ష్యం చెప్పడం ఆయనకు మచ్చ. రెండూ చూడకుండా ఈ మనిషిని తూచలేం. అంతకంటే బాధ కలిగించింది ఇంకొకటుంది. యూదులందరూ తన సైనిక పరిధి వదిలి పోవాలని 1862 డిసెంబరులో ఆయనే ఉత్తర్వు ఇచ్చాడు, లింకన్ దాన్ని రద్దు చేయించాడు. పుస్తకంలో ఆ ఊసే లేదు. కోల్డ్ హార్బర్‌లో తన సిపాయిలు వేలల్లో నేలకూలిన ఆఖరి దాడి చేయించినందుకు పశ్చాత్తాపపడుతున్నానని రాసిన మనిషి ఇది దాటేయడం నాకు మింగుడుపడలేదు.

ఇక బానిసత్వం నిలవాలని పోరాడిన దక్షిణాది సేనాని లీ 1865 ఏప్రిల్ 9న గ్రాంట్‌కు లొంగిపోయిన ఘట్టం. దీనికోసమైనా పుస్తకం కొనాలి. లీ కొత్త యూనిఫాంలో, ఖరీదైన కత్తితో వచ్చాడు. గ్రాంట్ ఒంటి మీద మామూలు సిపాయి కోటు, భుజాన హోదా పట్టీలు. పాత రోజుల కబుర్లలో పడి వచ్చిన పని మరిచిపోతుంటే లీయే గుర్తు చేశాడట. అంత గట్టిగా పోరాడిన శత్రువు ఓడిపోతే సంతోషించలేకపోయానంటాడు, వాళ్ళు పోరాడింది మాత్రం పరమ చెడ్డ లక్ష్యం కోసమనీ అంటాడు. లీ సిపాయిల్లో చాలామంది చిన్న రైతులు. సొంత గుర్రాలు తీసుకుపోనివ్వకపోతే పంట వేసుకోలేరు, వచ్చే చలికాలం ఇంటిల్లిపాదీ పస్తులే. గ్రాంట్ తీసుకుపొమ్మన్నాడు. దమ్ము వేళకు ఎడ్లు లేకపోతే ఏమవుతుందో తెలిసిన మన రైతుకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

నా మటుకు గ్రాంట్ బలమూ బలహీనతా ఒక్కటే, తనవాళ్ళను నమ్మేయడం. తన కింది సేనాని షెర్మన్‌ను నమ్మి జార్జియా మీదికి పంపితే యుద్ధం కలిసొచ్చింది. అధ్యక్షుడయ్యాక అదే నమ్మకం దొంగలకు గొడుగు పట్టింది. చివరికి 1884లో వార్డ్ అనే వ్యాపార భాగస్వామి నిలువునా ముంచాడు. చీటీలు ఎత్తేసి పారిపోయినవాళ్ళ చేతుల్లో మన ఊళ్ళల్లో ఎన్ని కొంపలు మునిగాయో, ఆయనదీ అలాగే మునిగింది. ఆపైన గొంతు క్యాన్సర్. భార్యాపిల్లలకు ఏమీ మిగల్చకుండా పోకూడదని ఆ నొప్పితోనే రాశాడు. రాత ముగిసిన కొద్ది రోజులకే, 1885 జూలై 23న పోయాడు. రచయిత మార్క్ ట్వేన్ ప్రచురణ సంస్థ అచ్చువేస్తే కుటుంబానికి దాదాపు 4,50,000 డాలర్లు వచ్చాయి.

నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఒకటి తగ్గించింది ఆ ఉత్తర్వు దాచినందుకు, మ్యాపుల కోసం కాదు. మ్యాపులు పేజీ నిండా ఉన్న ముద్రణ చూసి తీసుకోండి, అధ్యక్షుడి సంగతులకు మరో పుస్తకం ఎలాగూ తప్పదు.